మొక్కజొన్న చేలో కాలిబాటలు

“ఒరే సుబ్బా! మన చేలో వరదానం సంద్రం పెంచుతాడటరా!”

మా అక్క వెంకటనరసమ్మ ఉండేది తాడేపల్లిగూడెంలో. నేనుండేది ఏలూరులో. నిజానికి ఆవిడ గొంతుకి ఫోను అక్కర్లేదు, మర్యాద కోసం చేస్తుంది. రిసీవరు చెవికి జానెడు దూరంలో పెట్టుకుని, “సంద్రాన్ని పెంచడమేవిటక్కా? మన చేనున్నది ఉంగుటూరు పక్కన. దగ్గర్లో నీళ్ళంటే కొల్లేరు. అదైనా సరస్సేగానీ సంద్రం కాదే!” అన్నాను.

“నీ సరస్సులూ సరసాలూ తరవాత! చెరువు తవ్విద్దామని నేనంటే కళ్ళనీళ్ళు పెట్టుకున్న మనిషి, ఇప్పుడు ఏకంగా సంద్రమే పెంచుతాడట. పొద్దున్నే తనే ఫోను చేసి చెప్పాడు. ఎవరో మేడమ్‌గారు పెంచమన్నారట!”

ఊళ్ళో కాయిన్ బాక్సున్న కొట్టుకి ఫోను చేసి వరదానాన్ని పిలిపించాను. అతను వగరుస్తూ వచ్చాడు.

“సంద్రం కాదండీ బాబూ! సాంద్రతండి, సాంద్రత! వ్యవసాయం ఆఫీసు జాయ్సీ మేడమ్‌గారు ఆ ముక్కే వాడేరండి. నాకూ నోరు తిరగలేదు. ఒత్తుగా వెయ్యడవండి, మొక్కజొన్న.”

మళ్ళీ అక్కకి చేశాను. “సంద్రం కాదక్కా. ఒత్తు.”

“ఏ అక్షరానికి?”

“అక్షరానికి కాదు, చేనుకి. మొక్కజొన్న ఒత్తుగా వేస్తారట.”

“అలా తెలుగులో ఏడవొచ్చుగా!” అని ఠపీమని పెట్టేసింది. నేను ఏడిచింది తెలుగులోనేనని చెప్పే అవకాశం దక్కలేదు.

ఇంత రభస ఎందుకంటే, ఆ రెండున్నర ఎకరాలూ మా నాన్నగారు మా ఇద్దరికీ ఉమ్మడిగా ఇచ్చి పోయారు. వరదానం, అతని భార్య రూతమ్మ ఎన్నో ఏళ్ళుగా కౌలుకి చేస్తున్నారు. వరదానం నాకు హైస్కూల్లో బెంచీ నేస్తం. ఆ బెంచీ మీద నేను లెక్కలు మర్చిపోయాను, అతను నన్ను మర్చిపోలేదు. అయితే అప్పటికి నాలుగైదేళ్ళుగా మా చుట్టుపక్కల చేలు ఒక్కొక్కటే చేపల చెరువులైపోతున్నాయి. చేనుకీ చేపకీ తేడా ఒక్క అక్షరమే. ఆ ఒక్క అక్షరం దిద్దడానికి పక్క చేను నరసరాజుగారు మట్టి తవ్వే ప్రొక్లెయినరు తీసుకొస్తానని మా అక్క చుట్టూ తిరుగుతున్నారు. ఆయనకి అవతల రెండు చెరువులున్నాయి, మాది కలిస్తే మూడోది. మనిషి మంచివాడే. కలుపుగోలుతనం ఎక్కువ, అందుకే అందరి చేలూ తనలో కలుపుకుంటానంటాడు.

చెరువుకి కౌలుదారు అక్కర్లేదు. రాత్రిపూట టార్చిలైటు పట్టుకుని తిరిగే కాపలావాడు చాలు. అంటే చెరువైన మర్నాటినుంచి వరదానం, రూతమ్మలకి ఆ గట్టు మీద పని లేదు, కూలికి ఇంకో గట్టు వెతుక్కోవాలి. ఆ సంగతి అక్కకీ తెలుసు, నాకూ తెలుసు. ఆవిడ గట్టిమనిషేగానీ రాతిమనిషి కాదు. ఆ యేడు మా శివారు కాలవకి దాళ్వా నీళ్ళు రావని తేలిపోయింది. రెండో పంట వరి లేనట్టే. ఈ ఫోన్లకి ముందే వరదానం గూడెం వెళ్ళి, అక్క వీధిగుమ్మంలో నిలబడి, “అమ్మగారూ, వరి కోసిన తేమ మీదే మొక్కజొన్న వేస్తానండి. దున్నక్కర్లేదు. ఇంజను పెట్టి నాలుగు తడులిస్తే చాలంటున్నారండి. ఈ ఒక్క పంటా చూడండి,” అని బతిమాలుకున్నాడు.

అక్క ఆలోచించి తీర్పు చెప్పింది. “పక్కన రాజుగారు కూడా మొక్కజొన్నే వేస్తున్నారుగా. కళ్ళంలో ఎకరానికి ఆయన కంటే ఒక్క బస్తా ఎక్కువ తూగిందా, చేను చేనుగా ఉంటుంది. తూగకపోతే వేసవిలో చెరువు. తరవాత నన్ననకూడదు.”

“ఆయ్, అలాగేనండి,” అన్నాడు వరదానం. పేరుకి వరదానం. ఆ యేడు వరీ లేదు, దానమూ లేదు. మిగిలిందల్లా మధ్యలో ఉన్న ‘దా’ ఒక్కటే. అదే పట్టుకుని మొక్కజొన్నని రమ్మని పిలిచాడు.

ఆదివారం నేను చేనికి వెళ్ళేసరికి జాయ్సీ గట్టు మీద నిలబడి పాఠం చెబుతోంది. గుండుగొలను అమ్మాయి. ఆఫీసరమ్మ అయినా చెప్పులు చేత్తో పట్టుకుని చేలో దిగే రకం. ఆవిడ ముందు రెండు విత్తనాల సంచులున్నాయి. రెండూ హైబ్రిడ్డే. ఒకటే రకం చేను మొత్తానికి సరిపడా దొరకలేదు.

“ఈ సంచిలోది నిలువాకు రకమండీ. ఆకులు ఇలా పైకి లేచుంటాయి,” అని రెండు చేతులూ దణ్ణం పెట్టినట్టు పైకెత్తింది. “పక్క మొక్క మీద నీడ పడనివ్వదు. అందుకని ఒత్తుగా వెయ్యొచ్చు. వరసకీ వరసకీ రెండడుగులు, మొక్కకీ మొక్కకీ జానెడు. ఈ రెండోది వాలాకు రకం. ఆకులు ఇలా చాపుకుంటాయి.” ఈసారి చేతులు బార్లా చాపింది. వరదానం చటుక్కున వెనక్కి తగ్గాడు. “దీనికి మొక్కకీ మొక్కకీ అడుగైనా ఉండాలి. ఇరుకైతే ఏపుగా పెరుగుద్దిగానీ పొత్తు కట్టదు.”

“అర్థమైందమ్మా,” అన్నాను. “ఏలూరు నుంచి గూడెం పోయే బస్సు లాంటిదన్నమాట. ముగ్గురు కూర్చునే సీట్లో ఒళ్ళు దగ్గర పెట్టుకునేవాళ్ళయితే నలుగురు పడతారు. మా బావగారి లాంటివారు మోకాళ్ళు చాపుకు కూర్చుంటే ఇద్దరికే కిక్కిరిసిపోతుంది.”

“అంతేనండీ. సీటు అదే, ఛార్జీ అదే. కూర్చునేవాళ్ళని బట్టి లెక్క.”

“అయితే పొత్తు కుదరాలంటే ఎవరికెంత సీటో ముందే తేల్చుకోవాలి. రాజకీయాల్లోనూ ఇంతే!”

జాయ్సీ నవ్వింది. వరదానం నవ్వలేదు. అతని కళ్ళు పక్క చేను మీద ఉన్నాయి. అక్కడ నరసరాజుగారి మనుషులు వాలాకు రకమే జానెడుకో గుంట పొడిచి, గుంటకి రెండేసి గింజలు జారవిడుస్తున్నారు.

“రాజుగారూ, మరీ ఒత్తవుతుందేమోనండీ,” అని జాయ్సీ గట్టు మీంచి కేకేసింది.

“ఎన్ని మొక్కలుంటే అన్ని పొత్తులమ్మా! నా చెరువులో చేపపిల్లలు కూడా ఇలాగే పోస్తాను,” అని ఆయన అంతకంటే పెద్ద కేకేశారు.

మర్నాడు గింజ వేసే రోజు. ఆ రోజు జరిగింది నేను చూడలేదు. రూతమ్మ తరవాత చెప్పగా విన్నది.

ఊళ్ళో నాట్లేసే ముఠాకి మేస్త్రి నాగరత్నం. ఆ ఆడవాళ్ళు పుట్టి బుద్ధెరిగాక నాటిందల్లా వరే. మొక్కజొన్న గింజ చేత పట్టడం అదే మొదలు. వరదానం వాళ్ళకి రెండు తాళ్ళిచ్చాడు. కాలవ వైపు సగానికి జానెడుకో ముడి ఉన్న తాడు, నిలువాకు గింజలు. రోడ్డు వైపు సగానికి అడుగుకో ముడి ఉన్న తాడు, వాలాకు గింజలు. ముడి దగ్గర కర్రతో గుంట పొడవడం, ఒక గింజ వెయ్యడం, మడమతో కప్పడం. ఇంతే పని. ఇదంతా విడమరిచి చెప్పి, ఇంజను సామాను కోసం భీమడోలు వెళ్ళాడు. రూతమ్మ వంట చేసుకొస్తానని ఇంటికెళ్ళింది.

ముఠా చకచకా సాగింది. నాలుగు వరసలయ్యాయి. అప్పుడు తాడు చివర్లు పట్టుకున్న ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోకుండానే ఒక అంగ వేయాల్సిన చోట రెండంగలు వేశారు. ఎందుకంటే, వరికి సుడిదోమ పట్టకుండా గాలాడాలని మధ్యమధ్య కాలిబాట వదలమని ఏళ్ళ తరబడి ఆఫీసర్లే వాళ్ళ చెవిలో ఇల్లు కట్టుకుని పోరారు. పోరి పోరి వాళ్ళు మానేశారు, వీళ్ళ కాళ్ళు మానలేదు. నాలుగు వరసలు, ఒక బాట. మళ్ళీ నాలుగు వరసలు, మళ్ళీ బాట. చేనంతా చారల చీరలా తయారైంది.

రూతమ్మ అన్నం గంప దించేసరికి పని అయిపోయింది. బేసిన్లలో మాత్రం గింజ మిగిలింది, రెండు రకాలదీ.

“ఇదేంటమ్మా నాగరత్నం! కొలిచి ఇచ్చాంగా. ఎలా మిగిలిందీ?”

“ఏమోనమ్మా. మేం మాత్రం ఒక్క ముడి వదల్లేదు.”

“ముడి వదల్లేదుగానీ బాటలొదిలేరు కదే!”

నాగరత్నం వెనక్కి తిరిగి చూసి నాలిక కరుచుకుంది. “అయ్యో, వరనుకున్నాయి కాళ్ళు!”

“ఇప్పుడీ గింజ ఏం చెయ్యను? ఇంటికి పట్టుకుపోనా?”

“హవ్వ! చేలోకొచ్చిన విత్తనం ఇంటికెళ్ళకూడదమ్మా. మా అత్త చంపేస్తది. చేలోదే చేలోనే ఉండాలి.” అని బేసిను చంకన పెట్టుకుని, బాటలకి అటూ ఇటూ ఉన్న వరసల్లో ఒక గుంట వదిలి ఒక గుంటలో రెండో గింజ వేయించేసింది. బేసిన్లు బోర్లించి, దులిపి చూపించింది కూడా.

మొలకలొచ్చాక చేను చూసి నవ్వనివాడు లేడు. నరసరాజుగారు మోటారుసైకిలు ఆపి, “ఏవయ్యా వరదానం, రోడ్లేయించావేంటి? ఇంతకీ ఆర్టీసీ బస్సెప్పుడు?” అన్నారట. జాయ్సీ వచ్చి చూసి నవ్వలేదు. తల పట్టుకుంది.

“నేను చెప్పిందేంటి, మీరు చేసిందేంటి రూతమ్మగారూ? ఖాళీ చోట ఖాళీ, ఉన్నచోట జంటలు! సరే, అయిందేదో అయింది. నిలువాకు వైపు ముట్టుకోకండి, అది ఇరుకు ఓర్చుకుంటుంది. రోడ్డు వైపు వాలాకు చేలో మాత్రం జంటగా ఉన్నచోట ఒకటి పీకెయ్యండి. మోకాలెత్తు రాకముందే పీకాలి.”

ఆవిడ అటు వెళ్ళగానే ఇక్కడ మొదలైంది.

“పీకడానికి లేదు,” అన్నాడు వరదానం.

“మేడమ్‌గారు చెప్పేరు కదయ్యా.”

“ఆవిడకేం, జీతం. నాకు ఒక్కో మొక్కా ఒక్కో పొత్తు. ఒక్క బస్తాతో చేను పోయేలా ఉంటే, బతికున్న మొక్కని పీకమంటావేంటే?”

“ఒక కంచంలో ఇద్దరు తింటే ఇద్దరికీ ఆకలే.”

“మన పెళ్ళైన కొత్తలో ఒక కంచంలోనే తిన్నాం!”

“అందుకే అప్పుడు అంత సన్నంగా ఉన్నాం!”

రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. మూడోనాడు ఒప్పందం కుదిరింది. రోడ్డు వైపు చేనుని అడ్డంగా రెండు చేశారు. లోపలి ముక్క రూతమ్మది, రోడ్డుని ఆనుకున్న ముక్క వరదానానిది. ఆవిడ తన ముక్కలో జంట మొక్కలన్నీ విడదీసి ఒకటి పీకేసింది. పీకిన ప్రతి మొక్కకీ ‘క్షమించు ప్రభువా’ అనుకుందట. గేదె మాత్రం ఏ పశ్చాత్తాపం లేకుండా తినేసింది. వరదానం తన ముక్కలో ఒక్క ఆకు కూడా తుంపలేదు.

మొదట్లో అతనే గెలిచాడు. అతని ముక్క పచ్చగా, చిక్కగా, మనిషి దూరితే కనపడనంత కమ్ముకుంది. దారిన పోయేవాళ్ళు “అబ్బ, ఎంత ఏపు!” అన్నప్పుడల్లా రూతమ్మ వైపు ఓరగా చూసేవాడు. రూతమ్మ మాట్లాడేది కాదు. ఈ దేశంలో మాట్లాడని ఆడదానంత ప్రమాదం ఇంకోటి లేదని నాకు మా ఇంట్లో తెలుసు.

మొక్క తలన పూత జల్లు విప్పి, పొత్తుకి పీచు వచ్చే వేళకి అక్క తనిఖీకి వస్తానంది. గూడెం నుంచి ఆవిడ కారులో, ఏలూరు నుంచి నేను బస్సులో. కారు రోడ్డు పక్కన ఆగింది. ఆగగానే ఎదురుగా ఉన్నది వరదానం ముక్కే. ఆవిడ చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని లోపలికి నాలుగడుగులు వేసి, ఆకులు తోసి చూసింది. కాడలు ఆవిడ వేలంత సన్నం. ఒకదానికి పొత్తుంటే పక్కదానికి లేదు. ఉన్నదానికి పీచు ఇంకా రాలేదు, పైన జల్లులో పుప్పొడి మాత్రం రాలిపోతోంది.

“ఏవయ్యా వరదానం, ఇవేంటి, గొడ్డు మొక్కలు?”

వరదానం ముఖం పాలిపోయింది. “అమ్మగారూ, ఇవతల కాస్త... లోపలికి రండి, లోపల బావుందండి.”

“గుమ్మంలో లేనిది గదిలో ఉంటుందా?” అని ఆవిడ వెనక్కి తిరిగింది. సరిగ్గా అప్పుడే రాజుగారి మోటారుసైకిలు వచ్చి ఆగింది. ఆయనకి ఇలాంటి సమయాలు ఎలా తెలుస్తాయో!

“రాజుగారూ, మీ ప్రొక్లెయినరు ఎప్పుడు ఖాళీ?” అంది అక్క.

రూతమ్మ గట్టు మీంచి పరుగున వచ్చింది. ఎప్పుడూ తలొంచుకు మాట్లాడే మనిషి తలెత్తింది. “అమ్మగారూ, ఇది మా ఆయన మొండితనంతో పెంచిన ముక్కండి. నేను పెంచింది అవతలుంది. మీరన్న మాట కళ్ళం దగ్గర తూకం గురించండి, రోడ్డు మీంచి చూపు గురించి కాదండి. కండెలు విరిచేదాకా ఆగండి. ఆ తరవాత మీరు చెరువు తవ్వినా, నేను నోరెత్తనండి.”

అక్క ఆవిడ వంక చూసింది. నా వంక చూసింది. నేను ఒక్క ఛలోక్తి కూడా వెయ్యకపోవడం చూసి కంగారు పడినట్టుంది. “మాటంటే మాటే. కళ్ళం దాకా ఆగుతాను,” అని కారెక్కింది.

ఆ సాయంత్రం వరదానం తన ముక్కలో మొక్కలు పీకడానికి దిగాడట. రూతమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. “ఇప్పుడు పీకి లాభం లేదయ్యా. ఈ మొక్కలన్నీ తినాల్సిన తిండి ఎప్పుడో తినేసేయి. ఉన్నదాన్ని ఉండనీ.” దెప్పలేదు. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టిందని నాతో చెప్పాడు.

మార్చిలో ఒక పెద్ద ఈదురుగాలి వీచింది. నరసరాజుగారి చేను సగం పడుకుంది. ఒత్తుగా పెరిగిన సన్నకాడలు, ఒకదాని మీదొకటి వాలిపోయాయి. వరదానం ముక్కలోనూ కొంత పడింది. రూతమ్మ ముక్క నిలబడింది. కాలవ వైపు నిలువాకు చేను అయితే బాటలు తీర్చిన పటాలంలా నిలబడింది.

కండెలు విరిచే రోజు నేను సెలవు పెట్టి వెళ్ళాను. కళ్ళంలో కుప్పలు వేరువేరుగా పోయించారు. నిలువాకు కుప్ప అన్నింటికంటే పెద్దది. అందులోనూ బాటల పక్కనుంచి వచ్చిన కండెలు గుప్పెట్లో పట్టనంత లావు, కొస దాకా గింజ. రూతమ్మ కుప్ప ఆ తరవాత. వరదానం ముక్కది కుప్ప అనడానికి కూడా మొహమాటం, చిన్న పోగు. కండె వేలెడు, పైన పళ్ళూడిన నోరులా సందులు. వరదానం ఆ పోగు దగ్గరే చతికిలబడి, ఒక్కో కండే తిప్పి చూసుకుంటూ కూర్చున్నాడు.

మిషను ఆడింది. గింజ ఆరింది. బస్తాలు కాటా ఎక్కాయి. అటు రాజుగారి కళ్ళంలోనూ కాటా పెట్టారు. అక్క మధ్యలో కుర్చీ వేయించుకుని రెండు వైపులా తిరుగుతూ, తిరుపతి హుండీ దగ్గర కూర్చున్నంత శ్రద్ధగా చూసింది. తూకం అయ్యేదాకా రూతమ్మ కొంగు నోట్లో కుక్కుకునే ఉంది.

వరదానం పోగుని కలుపుకుని లెక్కేసినా, ఎకరానికి రాజుగారి కంటే ఒక్క బస్తా కాదు, అయిదు బస్తాలు పైనే తేలింది.

అక్క కుర్చీలోంచి లేచింది. “రాజుగారూ, మీ ప్రొక్లెయినరుకి ఈ వేసవి విశ్రాంతి ఇవ్వండి,” అంది. రాజుగారు ఆ పెద్ద కండె ఒకటి చేతిలో పట్టుకుని, తూకాన్నీ దాన్నీ మార్చి మార్చి చూస్తున్నారు. రూతమ్మ నేల మీద మోకరిల్లింది. వరదానం నన్ను కావలించుకున్నాడు. చొక్కా నిండా మొక్కజొన్న పొట్టు. కండె నిండితే గుండె నిండుతుందని ఏదో అనబోయాను. జీవితంలో నేను మింగేసిన శ్లేష అదొక్కటే.

ఆ శనివారం వరదానం ఇంటి ముందు కృతజ్ఞత కూడిక పెట్టారు. పందిరి, కింద పరిచిన పట్టాలు, మైకు. పాస్టరుగారు వాక్యం చెప్పారు. ఆ తరవాత ఆనవాయితీ ప్రకారం సాక్ష్యాలు. అంటే మేలు పొందినవాళ్ళు లేచి, ఆ మేలు ఎలా జరిగిందో అందరి ముందూ చెప్పుకోవాలి. ఊళ్ళో అన్ని ఇళ్ళవాళ్ళూ వచ్చారు. అక్కా నేనూ ముందు వరస. మా పక్కన నరసరాజుగారు, ఆయన పక్కన జాయ్సీ. నాగరత్నం ముఠా అంతా కొత్త చీరల్లో వచ్చింది.

వరదానం మైకు పట్టుకున్నాడు. “ప్రభువుకి వందనాలండి. అమ్మగారు కళ్ళం దాకా ఆగేరు, వారికి వందనాలండి. సుబ్బారావుగారు మా తరఫున మాట్లాడేరు...”

“జోకులే వేశాడు,” అంది అక్క పక్కనుంచి.

“...జోకులేసేరు, వారికీ వందనాలండి. ఇంక నా భార్య రూతమ్మ.” ఇక్కడ అతను ఆగాడు. “మొక్కలు పీకమంది. నేను పీకలేదండి. నా ముక్క మీరంతా చూసేరు. ఎక్కువ మొక్కలుంటే ఎక్కువ పొత్తులనుకున్నాను. చేను పోద్దన్న భయంతో ఒక్క మొక్క కూడా వదులుకోలేకపోయాను. నా చేను నిలబెట్టింది తనేనండి. తనకి అందరి ముందూ వందనాలు.” రూతమ్మ ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆడవాళ్ళంతా చప్పట్లు కొట్టారు.

అప్పుడు నరసరాజుగారు లేచి మైకు అడిగారు. “నాదీ ఒక సాక్ష్యం ఉందండి. ఓడిపోయినవాడి సాక్ష్యం.” పందిరంతా నవ్వింది. “ఈ వరదానం చేలో బాటలు చూసి నేను నవ్వాను. ఇప్పుడు తెలుస్తోంది, అది మేడమ్‌గారి రహస్య పద్ధతని! కాలిబాట పద్ధతి! నాలుగు వరసలకో బాట, బాట పక్కన జంట గింజలు. మా చుట్టుపక్కల రైతులందరం వచ్చే యేడు అదే వేద్దామనుకుంటున్నాం. అమ్మా జాయ్సీ, దాని కిటుకేంటో మాకూ చెప్పెయ్యి తల్లీ!”

జాయ్సీ లేచింది. ముఖం ఎర్రబడింది. “రాజుగారూ, ఆ పద్ధతి నేను చెప్పలేదండీ. ఆ బాటలు చూసి నేను రూతమ్మగారిని కోప్పడ్డాను కూడా.”

“మరెవరు చెప్పారు?”

జనం గుసగుసలాడారు. కొందరు పాస్టరుగారి వైపు చూశారు. ఆయన కంగారుగా పైకి చూశారు. వెనక వరసలోంచి నాగరత్నం లేచి నిలబడింది.

“తప్పు మాదండీ,” అంది. “వరి నాట్లలో బాటలొదిలే అలవాటు కదండీ. తాడు పట్టుకున్నోళ్ళ కాళ్ళు వాటంతటవే రెండంగలేసేసేయండి. మేం చూసుకోలేదు. బాటలొదిలేం కాబట్టి గింజ మిగిలిపోయింది. విత్తనం ఇంటికి పట్టుకెళ్ళకూడదు కాబట్టి, మిగిలిందంతా బాటల పక్కనే రెండోదిగా వేసేసేం. పద్ధతీ లేదు, గిద్ధతీ లేదండి. మేడమ్‌గారు కోప్పడింది న్యాయవేనండి.”

పందిరి విరగబడి నవ్వింది. రాజుగారు అందరికంటే గట్టిగా నవ్వారు.

జాయ్సీ చెయ్యెత్తి, “ఆగండి, ఆగండి. నేనూ ఇప్పుడే లెక్క చూసుకుంటున్నాను,” అంది. “నిలువాకు చేలో ఏమైందంటే, బాటల వల్ల తగ్గిన మొక్కలు, జంటల వల్ల మళ్ళీ వచ్చేశాయి. మొత్తం మొక్కలు నేను చెప్పినన్నే ఉన్నాయి. గింజ ఇంటికి వెళ్ళి ఉంటే చేను పల్చబడిపోయేది. జంటలకి ఒకవైపు బాట ఉంది, వెలుతురూ గాలీ అందాయి. అందుకని ఓర్చుకున్నాయి. వాలాకు చేలో జంటలు ఓర్చుకోలేవు, రూతమ్మగారు విడదీశారు కాబట్టి నిలబడింది. వరదానంగారి ముక్కలో విడదీయలేదు, గొడ్డుపోయింది. కాబట్టి రాజుగారూ, బాటలు చూసి వేసెయ్యకండి. ముందు మీ రకం ఆకు ఎలా ఉంటుందో చూడండి. నేనూ వచ్చే యేడు ఒక చిన్న ముక్కలో కావాలని బాటలొదిలి చూస్తాను. ఒకసారి కలిసొచ్చిందని నేను హామీ ఇవ్వలేను.”

“మరి నాగరత్నం చేసినదానికి కోప్పడ్డావే?” అంది అక్క.

“వందనాలు చెప్పుకుంటున్నానండీ ఇప్పుడు,” అని జాయ్సీ నాగరత్నం వైపు తిరిగి చేతులు జోడించింది. నాగరత్నం ఏం చెయ్యాలో తెలియక మొత్తం ముఠాతో కలిసి ఎదురు దణ్ణం పెట్టింది.

అక్కకి అంతటితో తీరలేదు. “ఇదిగో నాగరత్నం, ఇటు రా. విత్తనం ఇంటికి తీసుకెళ్ళకూడదన్న మాట ఎవరు చెప్పారు నీకు?”

“మా అత్తండి.”

“ఎక్కడుంది?”

“అదిగోండి, పందిరి గుంజ పక్కన. అప్పుడే విస్తరేసుక్కూచుంది.”

అక్క లేచి అటు నడిచింది. వెనకాలే మేమందరం. ముసలమ్మకి చెవులు అంతంతమాత్రం. మా అక్క గొంతు ఆవిడ కోసమే పుట్టినట్టుంది. వంగి, చెవి దగ్గర, “అమ్మా! మీ మాట వల్ల మా చేను దక్కిందమ్మా!” అంది.

“ఏంటంట?” అంది ముసలమ్మ.

బాటల సంగతి రాజుగారు చెప్పారు. గింజ మిగిలిన సంగతి నాగరత్నం చెప్పింది. జంటల సంగతి రూతమ్మ, వెలుతురు సంగతి జాయ్సీ, తన మొండితనం సంగతి వరదానం చెప్పుకున్నారు. ఆవిడ అందరి ముఖాలూ చూసి, చివరికి అర్థమైనట్టు తలాడించింది.

“దాన్లో నా గొప్పేం లేదమ్మా,” అంది. “మా కాలంలో చేలోంచి వస్తుంటే ఆసాములు కొంగులు దులిపించేవోరు. గింజ కట్టుకుపోయేరన్న మాట పడకూడదని, నా ముఠాలో అందరికీ అలా చెప్పేదాన్ని. మిగిలింది మిగిలినట్టు చేలోనే వేసొచ్చెయ్యండి, మనకెందుకూ అని.”

రూతమ్మ తల దించుకుంది. మా అక్క పందిట్లో వడ్డిస్తున్న కుర్రాళ్ళ చేతిలోంచి గరిటె తీసుకుని, ఆ విస్తరి ముందు గొంతుక్కూర్చుంది.

“పప్పు వెయ్యనా అమ్మా?”

“కాస్త ఒత్తుగా వెయ్యి తల్లీ,” అంది ముసలమ్మ.